నేను గీసిన సున్నాలు

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు జనం తలలకు తీగలు అంటించిన మనిషిని నేను. ఖమ్మంలో ఏ పెళ్ళికి వెళ్ళినా, నా ఉద్యోగం సంగతి తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు పక్క కుర్చీలోకి జరిగి, గొంతు తగ్గించి అదే ప్రశ్న అడుగుతారు. "ఆ మిషను పెడితే మనసులో ఏముందో తెలిసిపోతుందంట కదా మేడం?" తెలియదు నాయనా. మెదడులో పుట్టే కరెంటు కాగితం మీద గీతలుగా పడుతుంది, అంతే. అత్త మీద కోపం పడదు, దాచుకున్న బంగారం పడదు. ఈ మాట చెప్పగానే వాళ్ళ ముఖాల్లో కనిపించే నిరాశ చూసి తీరాలి.

ఈ మధ్య నేను పనిచేసిన నరాల జబ్బుల సెంటర్లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి వచ్చారు. వచ్చే నెల నుంచి ఫీల్డుకు వెళతారట. "మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడం, చదువుకుంటాం" అన్నారు. నా ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, నా ఫైళ్ళు ఎవరు తొక్కిపెట్టారో చదివి మీరేం చేసుకుంటారు? అవి వదిలేస్తున్నాను. నా ఉద్యోగం నాకు తృప్తినిచ్చింది. అందుకే అందులో నేను చేసిన పెద్ద తప్పు గురించి దాపరికం లేకుండా రాయగలుగుతున్నాను.

నూనె తలలు

నాది పెనుబల్లి దగ్గర పల్లె. ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివి ఖమ్మంలో ఒక నరాల డాక్టరు దగ్గర చేరాను. ఈఈజీ మిషను నాకు అప్పగించారు. తల మీద ఇరవై చోట్ల చిన్న చిన్న బిళ్ళలు జిగురు పెట్టి అంటించాలి. నూనె ఉంటే అంటుకోవు, గీతలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. "తలస్నానం చేసి, నూనె రాయకుండా రండి" అని చీటీ మీద రాసి ఇచ్చేవాళ్ళం. ఒక్కరూ వినేవాళ్ళు కాదు. మణుగూరు నుంచీ గుండాల నుంచీ బస్సెక్కి ఖమ్మం దవాఖానాకు వస్తూ ఎవరైనా ఎండు తలతో వస్తారా? నూనె కారేలా రాసుకుని, నున్నగా దువ్వుకుని, పూలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. పెద్ద డాక్టరు ముందు చింపిరి జుట్టుతో ఎట్లా కూర్చుంటాం అనేవాళ్ళు. న్యాయమే కదా.

మొదట్లో నేను కసిరి వెనక్కి పంపేదాన్ని. గుండాల వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడను అలాగే పంపేశాను. ఆమె మళ్ళీ రాలేదు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి మళ్ళీ ఎందుకు వస్తుంది? నాకు బుద్ధొచ్చింది. ఆ వారమే గది వెనక ఒక బకెట్టు, చెంబు, కుంకుడుకాయల డబ్బా పెట్టించాను. నేనే తలంటేదాన్ని. "నువ్వు టెక్నీషియన్‌వా, మంత్రసానివా" అని తోటివాళ్ళు వేళాకోళం ఆడారు. ఆడుకోనీ అనుకున్నాను.

తలంటుతుంటే మనుషులు మాట్లాడతారు. డాక్టరు ముందు "ఏమో సార్, తెల్వదు సార్" అన్నవాళ్ళే, కళ్ళు మూసుకుని నీళ్ళు పోయించుకుంటూ మొత్తం చెప్పేస్తారు. ఎప్పుడు మొదలైందో, ఎవరు ఏ పసరు తాగించారో, మొగుడు ఏమన్నాడో, ఏ సంబంధం తప్పిపోయిందో. మెదడు గురించి పుస్తకాల్లో నేను చదివింది తక్కువే. ఆ బకెట్టు దగ్గర విన్నది ఎక్కువ.

మణుగూరు నుంచి ఒకాయన వచ్చేవాడు. గనిలో బండి నడిపే పని. ఆయన రాయించుకున్న పేరు ఆయనది కాదని నాకు రెండోసారికే అర్థమైంది, ఎందుకంటే పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడానికి కొంచెం టైం పట్టేది. పని పోతుందని భయం. ఏళ్ళ తరబడి ఆ దొంగ పేరుతోనే ఆయన మందులు వాడాడు, నేను ఆ దొంగ పేరుతోనే పలకరించాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను, మీరు పెద్ద బండ్లు నడపొద్దు, నడిపితే మీతోపాటు ఇంకొకరు పోతారు అని. ఏ తంటాలు పడ్డాడో తెలియదు, క్యాంటీన్ పనికి మారాడు. మనుషులు జబ్బును చూసి భయపడేదానికంటే జబ్బు సంగతి తెలిస్తే జరిగేదాన్ని చూసి ఎక్కువ భయపడతారని ఆయన దగ్గర నాకు తెలిసింది. తెలిసి కూడా తర్వాత నేను ఏం చేశానో చూడండి.

ప్రశ్న అడిగే విద్య

బళ్ళలో మధ్యాహ్న భోజనం మొదలైన కొత్తలో హైదరాబాదు నుంచి ఒక డాక్టర్ల బృందం మా జిల్లాకు వచ్చింది. అడవి అంచు పల్లెల్లో మూర్ఛ ఎందుకు వస్తోంది, చిన్నప్పుడు మెదడుకెక్కిన మలేరియా జ్వరం వల్లా, ఇంకేదైనా కారణం వల్లా అని కనుక్కోవడం వాళ్ళ పని. దాన్ని నడిపింది రాఘవగారని పేరున్న నరాల డాక్టరు. మిషను తెలిసిన మనిషి, ఊళ్ళు తెలిసిన మనిషి కావాలని నన్ను ఫీల్డు సూపర్వైజరుగా తీసుకున్నారు. ఇంటింటికీ తిరిగి మూర్ఛ ఉన్నవాళ్ళను కనిపెట్టడం నా పని. తర్వాత డాక్టరు వచ్చి చూస్తారు, మందులిస్తారు.

రాఘవగారి ప్రశ్నల కాగితం ఇంగ్లీషులోంచి దించింది. "మీ కుటుంబంలో ఎవరికైనా మూర్ఛ వ్యాధి కలదా?" దమ్మపేట దగ్గర రోజంతా ఇది అడిగాం. కలదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. సాయంత్రం ఆయన కాగితాలు తిరగేసి, "అయితే ఇక్కడ జబ్బే లేదా?" అన్నారు.

"జబ్బుంది సార్. ప్రశ్నే బాలేదు" అన్నాను.

మర్నాటి నుంచి నా పద్ధతిలో అడిగాను. ఇంట్లో ఎవరన్నా పొయ్యిల పడ్డరా? నీళ్ళకాడ పడ్డరా? ఎవరి చేతిలన్నా తాళాల గుత్తి పెట్టాల్సి వచ్చిందా? తాళాల గుత్తి అనగానే జనం నోరు విప్పారు. మనిషి కొట్టుకుంటుంటే చేతిలో ఇనుము పెట్టడం, ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టడం అందరూ చేసేదే. మా బృందంలోని ఒక కొత్త డాక్టరు ఇది విని పకపకా నవ్వాడు. ఆ ఇంట్లో మళ్ళీ మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇనుముతో మూర్ఛ తగ్గదు, నిజమే. రెండు మూడు నిమిషాల్లో చాలావరకు దానంతటదే ఆగుతుంది. కానీ ఆ గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్ళే ఆ రోగికి ఉన్న మనుషులు. వాళ్ళను చూసి నవ్వితే రేపు మనమిచ్చే బిళ్ళలు ఎవరు మింగిస్తారు?

నీలం రంగు డబ్బా

ఇక నా తెలివి సంగతి. పోలియో చుక్కలవాళ్ళు తలుపుల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి పోతారు కదా. మేమూ ఇంటి నంబరు అలాగే వేసేవాళ్ళం. ఒక వాన పడితే చాలు, మొత్తం పోయేది. డాక్టరును వెంటబెట్టుకుని వెళితే ఏ ఇల్లు ఏదో తెలియక వీధిలో తెల్లముఖం వేసుకుని నిలబడాల్సి వచ్చేది. ఇట్లా కాదని సత్తుపల్లిలో ఒక నీలం పెయింటు డబ్బా, సన్న కుంచె కొన్నాను. ప్రతి ఇంటి గోడ మీదా నంబరు. మూర్ఛ మనిషి ఉన్న ఇల్లయితే నంబరు చుట్టూ సున్నా. డాక్టరు జీపు నేరుగా సున్నా ఉన్న ఇంటి ముందు ఆగితే సరిపోతుంది.

"మీరు చాలా ప్రాక్టికల్ అండీ" అని రాఘవగారు మెచ్చుకున్నారు. వారం రోజులు ఆ మాట తలుచుకుని మురిసిపోయాను. గోడ మీద జబ్బు పేరు రాయలేదు, మనిషి పేరు రాయలేదు, సున్నా అంటే ఏంటో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

మంగమ్మ

దమ్మపేట మండలంలోనే ఒక ఊరు. రోడ్డుకు ఒక పక్క పామాయిల్ తోటల రైతుల డాబాలు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. రెండో పక్క గూడెం. ఇద్దరికీ కలిపి ఒకటే బడి. ఆ బళ్ళో పిల్లలకు వండి పెట్టేది మంగమ్మ. గూడెం మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి. ఊళ్ళో మహిళా సంఘం ఆమెకు వంట పని అప్పగించింది. మొగుడు కూలికి వెళతాడు, పని ఉన్నరోజు ఉంది, లేనిరోజు లేదు. బడి నడిచినన్నాళ్ళూ ఆగకుండా సాగేది మంగమ్మ వంట పనే.

నేను వెళ్ళేసరికి ఇంట్లో ఒక్కతే ఉంది. ఒకటే గది, తడికె తలుపు. ఏం అడిగినా "లేదు, లేదు" అంటోంది. ఆమె ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా పాత కాలిన మచ్చ ఉంది. నేను కాగితం సంచిలో పెట్టేసి, "పొయ్యిల పడ్డప్పుడు దగ్గర ఎవరూ లేరా మంగమ్మా?" అన్నాను.

మచ్చ మీదికి కొంగు లాక్కుంది. తర్వాత లేచి తడికె దగ్గరకు లాగి వచ్చి కూర్చుంది.

"చిన్నప్పుడు చలిజరం వచ్చి మూడు దినాలు సోయి లేదంట నాకు. గప్పటి సంది వస్తది అక్కా. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. మా అత్తకు, మా ఆయనకు తప్ప ఎవ్వలకు తెల్వదు. తెలిస్తే నా చేతి అన్నం పిల్లలు తింటరా? అంటుకుంటదంటరు."

"అంటుకోదు మంగమ్మా."

"నీకు తెలుసు. ఊరికి తెల్వదు గద."

"ఈ మాట మనిద్దరి మధ్యనే ఉంటది. డాక్టరును తీసుకొస్తా, బిళ్ళలు ఇప్పిస్తా" అన్నాను.

ఆమె టీ పెట్టి ఇచ్చింది. తాగాను. బయటికి వచ్చి, డబ్బా మూత తీసి, ఆమె గోడ మీద నంబరు వేసి చుట్టూ సున్నా గీశాను. మాట ఇచ్చి అయిదు నిమిషాలు కాలేదు. చెయ్యి కొంచెం కూడా తడబడలేదు. రోజూ చేసే పని కదా, చేతికి అలవాటైపోయింది.

ఖాళీ పళ్ళేలు

మూడు వారాలకు రాఘవగారిని, మందులను, మిషనును జీపులో ఎక్కించుకుని ఆ ఊరికి వెళ్ళాం. మిషను పెట్టుకోవడానికి బడి వరండా అడుగుదామని నేను ముందు అక్కడికి వెళ్ళాను. మధ్యాహ్నం బెల్లు కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ గేటు దాటి ఇళ్ళకు పరిగెత్తారు. వంటపాకలో పళ్ళేలు కడిగినవి కడిగినట్టే బోర్లించి ఉన్నాయి. మంగమ్మ పెద్ద గిన్నెడు అన్నం ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏమైంది మంగమ్మా?"

"నన్నేంది అడుగుడు? పోయి నీ రాతనడుగు" అంది. లేవలేదు, నా ముఖం చూడలేదు.

ఏం జరిగిందో సంఘం లీడరు సమ్మక్క చెప్పింది. ఆ ఊళ్ళో ఒక ముసలాయనకు మూర్ఛ ఉందని అందరికీ ఎప్పటినుంచో తెలుసు. సంతలో రెండుసార్లు పడ్డాడు. ఆయన గోడ మీద సున్నా ఉంది. ఊరు మొత్తంలో సున్నాలు నాలుగే. పోలియో గుర్తులు చూసి చూసి అలవాటైన జనానికి ఇది చదవడం ఎంతసేపు? ముసలాయన ఇంటికి ఏ గుర్తు ఉందో మంగమ్మ ఇంటికీ అదే ఉంది. రెండు రోజుల్లో పిల్లలతో సహా అందరికీ తెలిసింది. మంగమ్మ ఎర్రమన్ను తెచ్చి గోడ అలికింది. ఆరాక నీలం మళ్ళీ పైకి తేలింది. అలికి దాచాలని చూసిందంటే నిజమేనన్నమాట అన్నారు.

"నన్నేం చేయమంటవమ్మా" అంది సమ్మక్క. "పిల్లలు తింటలేరు. వచ్చే నెల మొదట్నుంచి వేరేటామెను పెట్టాలని బడి కమిటీ సుబ్బారావుగారు చెప్పిండు. మంగ మంచిదే. మంచిదైతే పిల్లలు తింటరా?"

మళ్ళీ వంటపాకలోకి వెళ్ళాను. 

"నేను నీకు నోటితోటి చెప్పిన అక్కా. నువ్వు నా గోడకు రాసినవ్" అంది మంగమ్మ. అరవలేదు. అరిచి, నాలుగు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. సిగ్గుతో చచ్చిపోయాను.

నన్ను రాయమన్న పిల్లలూ, ఇక్కడ ఒక మాట. మీ చేతుల్లో ఇప్పుడు పెయింటు డబ్బాలు ఉండవు. ట్యాబులు, పాస్‌వర్డులు ఉంటాయి. అందుకని మీ వల్ల ఈ తప్పు జరగదనుకోకండి. జీపు ఎవరింటి ముందు ఎంతసేపు ఆగిందో ఊరు చూస్తుంది. ఎవర్ని పేరు పెట్టి పిలిచారో, ఎవర్ని పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడారో చూస్తుంది. మనం వాళ్ళ దగ్గర నేర్చుకునే లోపల మన కదలికలు చూసి వాళ్ళు అంతా తెలుసుకుంటారు.

డాక్టరుగారితో తగువు

ఆ సాయంత్రం అశ్వారావుపేటలో మేం దిగిన చోట రాఘవగారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పాపం. ఆ గుర్తులు చెరిపించెయ్యండి. ఇంకే ఊళ్ళోనూ వెయ్యకండి" అన్నారు.

"చెరిపితే వాళ్ళకు తెలిసింది పోతుందా సార్?"

"చూడండి, మనం రీసెర్చికి వచ్చాం. బళ్ళో వంట ఎవరు చెయ్యాలన్నది మన సబ్జెక్టు కాదు."

నాకు ఒళ్ళు మండింది. "ఆమె తల మన సబ్జెక్టే కదా సార్? తల కావాలి గానీ ఆ తల మోసే మనిషి అక్కర్లేదా?" అన్నాను.

బాసుతో అలా మాట్లాడటం నాకదే మొదలు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.  రాఘవగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. జీవితమంతా మెదళ్ళను స్కానింగు ఫిల్ముల్లోనే చూసినవాడు, ఆ మెదడున్న మనిషి ఇంటికి వెళ్ళి టీ తాగినవాడు కాదు. అయితే తప్పు చూపిస్తే ఒప్పుకునే గుణం ఉంది. అది నేను చూసిన పెద్ద డాక్టర్లలో అందరికీ లేదు.

"ఏం చేద్దామంటారు?" అన్నారు చివరికి.

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్ళ గీతలు కూడా మాకు కావాలి. కరెంటు బాగుంటుందని వాటిని సత్తుపల్లిలో తీద్దామనుకున్నాం. "బళ్ళో క్యాంపు పెట్టి అవి ఈ ఊళ్ళోనే తీద్దాం సార్. ప్రతి ఇంటి నుంచీ ఒకరు. ప్రతి గోడకూ సున్నా" అన్నాను. జనరేటరు మోసుకురావాలని గొణిగారు గానీ సరేనన్నారు.

మర్నాడు పొద్దున్నే నేనే డబ్బా పట్టుకుని బయల్దేరాను. ఈసారి ప్రతి ఇంట్లోనూ అడిగి, సరేనంటేనే గీశాను. గూడెంలో ఒకామె చంకలో బిడ్డతో నిలబడి నవ్వుతూ, "గియ్యి అక్కా, గియ్యి. మంగ కోసమే గద గిదంతా. మాకు సమజ్ కాదనుకున్నవా?" అంది. మీ పెద్దపిల్లను బళ్ళో తిననిస్తావా అంటే మాత్రం ముఖం తిప్పుకుంది. నా ఉపాయం ఇరవై ఇళ్ళు తిరక్కముందే తేలిపోయింది. ఎన్ని సున్నాలు గీసినా ఊరికి మంగమ్మదొక్కటే కనిపిస్తోంది.

పెద్దింటి గోడ

అయినా మొదలుపెట్టిన పని కదా అని రోడ్డు దాటి సుబ్బారావుగారి డాబాకు వెళ్ళాను. ఆయన బండి బయటికి తీస్తున్నాడు. సంగతి విని, "మా ఇంటికెందుకండీ ఇదంతా? మాకలాంటి రోగాలేం లేవు" అన్నాడు.

"లేనివాళ్ళవే కావాలండీ."

"ఆ మిషను పెడితే లోపలున్నవన్నీ బయటికొస్తాయంటగా? నాకు తోటలో పనుంది, తర్వాత చూద్దాం" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

వరండాలో ఆయన తల్లి రత్తమ్మగారు చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి. ఆ ఊళ్ళో ఆవకాయ అంటే రత్తమ్మగారిదే. తోట కూలీల దగ్గర్నుంచి బడి పంతుళ్ళ దాకా ఆమె జాడీ రుచి చూడనివాళ్ళు లేరు.

"మంగ సంగతేగా ఇదంతా? మావాడు చెప్పాడు" అంది.

"నా వల్లే జరిగిందమ్మగారూ. అందరి గోడలకూ ఉంటే ఆమెది అందులో కలిసిపోతుందని ఆశపడ్డాను. మీరు సరేనంటే గీస్తాను. ఉత్తుత్తిదే. క్యాంపు అయిపోగానే నేనే వచ్చి చెరిపేస్తాను."

"గియ్యమ్మాయ్" అంది. గింజలు తీయడం ఆపి నా చేతి వైపే చూస్తూ కూర్చుంది. నేను కుంచె తుడుచుకుంటుంటే, "చెరపక్కర్లేదులే" అంది.

"ఏమండీ?"

"ఉత్తుత్తిది కాదు. ఈ ఇంటికి అది ఉండాల్సిందే."

 ఆమె మామూలుగా, పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పింది. పెళ్ళికి ముందు నుంచే ఉందట. పుట్టింటివాళ్ళు దాచి పెళ్ళి చేశారు. పెళ్ళయిన నెలకే భర్తకు తెలిసింది, ఆయనా దాచాడు. చుట్టాలింటికని చెప్పి విజయవాడ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించేవాడు. ఇప్పటికీ రోజూ ఒక బిళ్ళ వేసుకుంటుంది. కొడుక్కి తెలుసు. కోడలికి బీపీ బిళ్ళ అని చెప్పారు.

నేను చేసిన మొదటి పని, తడిగుడ్డ తీసి ఆ సున్నాను తుడవబోవడం. మంగమ్మ ఇంటి దగ్గర జరిగింది నన్ను అంతగా భయపెట్టింది. రత్తమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను ఎవ్వరికీ చెప్పనమ్మగారూ. మా డాక్టరుగారికి కూడా."

"నువ్వు చెప్పకు. చెప్పాల్సింది నేను. నేనే చెప్తాను."

"ఎందుకండీ ఇప్పుడు? ఇన్నేళ్ళు..."

"అప్పుడు భయపడ్డానంటే అర్థముంది. ఇప్పుడు నన్ను చూసుకోడానికి ఎవరైనా పెళ్ళిచూపులకొస్తారా ఏంటి?" అంది. తనే నవ్వింది. నవ్వు ఆపి, "ఆ పిల్ల వండింది పారబోస్తున్నారంట రోజూ. వినలేకపోతున్నానమ్మాయ్" అంది.

బడి వరండాలో

క్యాంపు రోజు బడి వరండాలో మిషను, వెనక చేతిపంపు దగ్గర నా బకెట్లు. గూడెం వాళ్ళూ తోటల వాళ్ళూ ఒకే వరసలో తడి తలలతో నిలబడ్డారు. తల్లి పట్టుబట్టిందేమో, సుబ్బారావుగారు కూడా వచ్చాడు. తీగలు పెట్టించుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చుని, చివర్లో "ఏమైనా బయటపడ్డాయా?" అని అడిగాడు.

"గీతలు శుభ్రంగా ఉన్నాయండీ. మీ రహస్యాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

రాఘవగారు మంగమ్మను గది లోపల, తలుపు వేసి, విడిగా చూశారు. బిళ్ళలు రాసిచ్చారు. అవి ఒంటికి పట్టేదాకా పొయ్యి దగ్గర ఒక్కతే ఉండొద్దని గట్టిగా చెప్పారు. అది మర్యాదకు చెప్పిన మాట కాదు, ఆ చేతి మచ్చ చూసి చెప్పింది. "మంట కాడ నేను కూసుంట. కూరగాయలు కోసుడు, వడ్డించుడు మంగ చూసుకుంటది" అంది సమ్మక్క. "గదీ పిల్లలు తింటెనే."

తర్వాత రాఘవగారు వరండా మెట్ల మీద నిలబడి ఊరందరికీ చెప్పారు, మూర్ఛ ఎంగిలితో రాదు, ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు అని. ఎవరి పేరూ ఎత్తలేదు. అందరూ శ్రద్ధగా విన్నారు, తలలూపారు. మధ్యాహ్నం బెల్లు కొట్టారు. పిల్లలు లేచి పెద్దవాళ్ళ ముఖాలు చూశారు. పెద్దవాళ్ళు గేటు వైపు చూశారు. వంటపాక ముందు మంగమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజుకు ఎవరూ కూర్చోకపోతే నెల మొదట్నుంచి ఆ గరిటె ఇంకొకరి చేతిలో ఉంటుంది. 

అప్పుడు రత్తమ్మగారు ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్ళెం పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. పంతులుగారి కుర్చీ వంటపాక ముందు వేయించుకుని కూర్చుంది.

"అమ్మా, ఏంటిది, ఇంటికి పద" అన్నాడు సుబ్బారావుగారు.

"నువ్వూరుకోరా" అంది. తర్వాత అందరికీ వినపడేలా, "మంగకున్నది నాకూ ఉంది. పెళ్ళికి ముందు నుంచీ ఉంది. ఇన్నేళ్ళుగా మీరు మా ఇంట్లో తిన్న ఆవకాయ ఈ చేత్తో కలిపిందే. ఎవరికంటుకుందో చెప్పండి" అంది.

 కోడలు అత్తగారి ముఖం వైపు నోరు తెరుచుకుని చూస్తోంది. సుబ్బారావుగారు తల దించుకున్నాడు. మంగమ్మ గిన్నె దగ్గర్నుంచి రెండడుగులు ముందుకు వచ్చి ఆమె ఎదుట నిలబడింది.

"ఇన్నేండ్లు ఎట్ల దాచినవమ్మా?"

రత్తమ్మగారు పళ్ళెం ఆమె ముందుకు చాపింది.

"మా ఇంట్లో గదులు ఎక్కువ మంగా" అంది.

మంగమ్మ పళ్ళెం అందుకుంది. అన్నం వడ్డించింది, పప్పు పోసింది. రత్తమ్మగారి మనవరాలు వరసలోంచి వచ్చి బోర్లించిన పళ్ళేల్లోంచి ఒకటి తీసుకుని నానమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. దాని వెనక గూడెం పిల్లలు ఇద్దరు. ఆ తర్వాత లెక్కపెట్టడం నావల్ల కాలేదు, కళ్ళు మసకబారాయి.

రత్తమ్మగారు కలుపుకుని రెండు ముద్దలు తిని, "పప్పులో ఉప్పు తగ్గిందే" అంది.

"రేపు సక్కగ ఏస్తలే అమ్మా" అంది మంగమ్మ.